గుల్లా గుల్లా... నీదే ఊరు?

పంగిడి దగ్గర వాగులో ఆడుకుంటున్న పిల్లాడికి ఓ రాయి దొరికిందనుకోండి. నున్నగా ఉంది, అరచేతిలో ఇమిడింది. తిప్పి చూస్తే ఒక పక్కన స్క్రూ మరల్లాంటి మెలికలు. పరిగెత్తుకుంటూ ఇంటికొస్తాడు. ‘నాన్నా, శంఖం దొరికింది’ అంటాడు. ‘శంఖం కాదురా, నత్తగుల్ల’ అంటాడు తండ్రి. పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుతున్న నాయనమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ‘గుల్లయితే ఇంత బరువుంటుందేంట్రా, ఇది రాయే’ అని తేల్చేస్తుంది. తమాషా ఏమిటంటే ముగ్గురూ చెప్పింది కొంత కొంత నిజమే!

అసలు చిక్కు వేరే ఉంది. ఆ మెలికల గుల్ల సముద్రంలో పెరిగే రకం. సముద్రమేమో అక్కడికి 60 కిలోమీటర్ల పైమాటే. మరి ఎలా వచ్చింది? ఎప్పుడొచ్చింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కోసం వెతుకులాట 1835లో మొదలైంది. అంటే ధవళేశ్వరం ఆనకట్ట పనులు మొదలవడానికి పన్నెండేళ్ల ముందు. డాక్టర్లు, కలెక్టర్లు, మత ప్రచారకులు, వృక్షశాస్త్రవేత్తలు, చివరికి చమురు బావులు తవ్వేవాళ్లు కూడా ఆ వెతుకులాటలో తలో చెయ్యీ వేశారు. ‘ఎలా’ అన్నది తొందరగానే తేలింది. ‘ఎప్పుడు’ అన్నది తేలడానికి మాత్రం ఏకంగా 170 ఏళ్లు పట్టింది.

పూజామందిరంలో ఉన్నదీ గుల్లే

వాగులో శిలాజ గుల్ల దొరకడం ఏదో విడ్డూరం అనుకోనక్కర్లేదు. అలాంటిది తెలుగువాళ్ల పూజామందిరాల్లో తరతరాలుగా ఉంది. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చాలావాటి లోపల కనిపించే చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల. ఆ జీవులు ఇప్పుడు ఎక్కడా లేవు. హిమాలయాలు పుట్టకముందు అక్కడున్న సముద్రంలో బతికాయి. ఆ సముద్రపు అడుగు పైకి లేచి కొండలైంది. కొండలు అరిగి, రాళ్లు నదిలో పడ్డాయి. నది వాటిని దొర్లించి, నున్నగా చేసి కిందికి తెచ్చింది. అందుకే సాలగ్రామం పుట్టిల్లు తెలుసుకోవాలంటే అది దొరికిన రేవులో వెతికితే లాభం లేదు. నది వెంట పైకి, ముక్తినాథ్ వైపు నడవాలి.

మన పంగిడి పిల్లాడి గుల్లకూ ఇదే సూత్రం. నీళ్లలో దొరికిందంటే అది అప్పటికే ఇల్లు విడిచి వచ్చేసిందని అర్థం. ఏ గట్టులోంచి ఊడిందో, ఏ వానకు కొట్టుకొచ్చిందో తెలియదు. వాగుకు ఎదురు నడుస్తూ రెండు పక్కలా గట్లు చూసుకుంటూ పోవాలి. రాయి అంచులు నున్నగా అరిగిపోయి ఉంటే దూరం నుంచి వచ్చినట్టు. అంచులు పదునుగా ఉంటే పుట్టిల్లు పక్కనే ఉన్నట్టు. గట్టులో అలాంటి గుల్లలే పొరలో ఇరుక్కుని కనిపించాయా... ఇల్లు దొరికినట్టే. గుల్లను గుర్తుపట్టడంలో సగం పని పుస్తకాల్లో ఉండదు, ఇదిగో ఈ నడకలోనే ఉంటుంది.

పాతదా... మరీ పాతదా?

అయితే గోదావరి జిల్లాల్లో దొరికే ప్రతి గుల్లా శిలాజం కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

కాలువ గట్టున ఎండిపోయిన నత్తగుల్ల నిన్నమొన్నటిది. దాని సంగతి వదిలేద్దాం. కోనసీమలో చేపల చెరువు తవ్వినప్పుడో, బోరు వేసినప్పుడో అడుగున బూడిదరంగు బంకమట్టిలో గుల్లలు బయటపడుతుంటాయి. అవి పాతవే కానీ మరీ పాతవి కావు. డెల్టా అంతా గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు. గడిచిన కొన్ని వేల ఏళ్లలో నది సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ ఈ నేలను పోసింది. ఒకప్పుడు అలలు తాకిన ఇసుక మెరకలు ఇప్పుడు తీరానికి బాగా లోపల, కొబ్బరితోటల కింద ఉన్నాయి. ఆ మట్టిలో ఉన్న గుల్లల వయసు వేలల్లోనే. వాటిలో చాలా రకాలు ఇప్పటికీ కాకినాడ తీరంలో బతికే ఉన్నాయి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. సిమెంటు రాకముందు ఇళ్ల గోడలకూ, తాంబూలంలోకీ గుల్లసున్నం వాడేవాళ్లు. తీరంలో పోగుచేసిన గుల్లల్ని బండ్ల మీదా పడవల మీదా తెచ్చి బట్టీల్లో కాల్చేవాళ్లు. పాత సున్నపు బట్టీ ఉన్నచోట నేల తవ్వితే సముద్రపు గుల్లలు కుప్పలుగా కనిపించినా ఆశ్చర్యం లేదు. అక్కడికి సముద్రం రాలేదు, బండి వచ్చింది!

అసలైన శిలాజాన్ని పట్టిచ్చేది ముందుగా బరువే. నాయనమ్మ అన్న మాట అక్షరాలా శాస్త్రం. కొత్త గుల్ల లోపల బోలుగా ఉంటుంది. శిలాజంలో ఆ ఖాళీ నిండా మట్టి చేరి, కాలక్రమంలో రాయిగా గట్టిపడి ఉంటుంది. కొన్నింటిలో పైన గుల్ల పూర్తిగా కరిగిపోయి లోపలి ముద్ద ఒక్కటే మిగులుతుంది. కొబ్బరిచిప్పలో పోసి ఆరబెట్టిన తాటిబెల్లాన్ని గుర్తు తెచ్చుకోండి. చిప్ప తీసేసినా బెల్లం మీద చిప్ప లోపలి ఆకారం అలాగే ఉంటుంది. ఇదీ అంతే. ఇలాంటి ముద్ద మీద గుల్ల పైనుండే గీతలు, బొడిపెలు కనిపించవు. పేరు పెట్టాలంటే ఆ గీతలూ బొడిపెలే ఆధారం కాబట్టి శాస్త్రవేత్తలకు ఈ రకం పెద్ద తలనొప్పి.

నిమ్మరసం పోసి, పొంగితే శిలాజం అనే చిట్కా కొందరు చెబుతారు. నమ్మకండి. సున్నపు పదార్థం ఏదైనా పులుపు తగిలితే పొంగుతుంది. కోడిగుడ్డు పెంకు కూడా పొంగుతుంది. నిమ్మకాయ దండగ.

కుడి చుట్టా, ఎడమ చుట్టా?

మెలికల గుల్ల దొరికితే నిపుణులు మొట్టమొదట చూసేది దాని చుట్టు ఎటువైపు తిరిగిందని. మొనను పైకి పెట్టి, గుల్ల నోరు మనవైపు ఉండేలా పట్టుకోవాలి. నోరు కుడిపక్కకు వస్తే కుడి చుట్టు. ఎడమపక్కకు వస్తే ఎడమ చుట్టు. లోకంలో ఎక్కువ గుల్లలు కుడి చుట్టువే. ఎడమ చుట్టు అరుదు.

దక్షిణావర్త శంఖానికి అంత విలువ ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా. శాస్త్రవేత్తల లెక్కలో అది ఎడమ చుట్టు శంఖం. మనవాళ్లు శంఖాన్ని తలకిందులుగా, అంటే తోకలాంటి కొస పైకి ఉండేలా పట్టుకుని చూస్తారు. అప్పుడు నోరు కుడిపక్కకు వస్తుంది కాబట్టి దక్షిణావర్తం అన్నారు. వస్తువు ఒకటే, పట్టుకునే తీరులోనే తేడా.

ఈ చుట్టు చూడటం గోదావరి కథలో పెద్ద అక్కరకే వచ్చింది. దక్కన్ లోతట్టు ప్రాంతాల్లో, నాగపూర్ చుట్టుపక్కలా ఆదిలాబాద్ వైపు కొండల్లోనూ, నల్లరాతి పొరల మధ్య ఒక నత్త శిలాజం దొరుకుతుంది. పేరు ఫైసా ప్రిన్సెపీ. ఎడమ చుట్టు నత్త. మద్రాసు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన మాల్కంసన్ సేకరించిన శిలాజాల్లో ఉన్న దీనికి 1840లో సోవర్బీ అనే ఆంగ్లేయుడు పేరు పెట్టాడు. ఆ ప్రిన్సెప్ ఎవరో కాదు, అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెపే. ఆ కోవ నత్తలు చెరువుల్లో, కుంటల్లో ఉంటాయి. సముద్రంలో ఉండవు. అంటే నాగపూర్ దగ్గర ఆ కాలంలో ఉన్నవి మంచినీటి చెరువులన్నమాట.

మరి రాజమండ్రి దగ్గరో?

పంగిడికి లాటిన్ పేరు

రాజమహేంద్రవరాన్ని ఆనుకుని గోదావరి ఎడమ గట్టున కాతేరు. నది దాటి కొవ్వూరు మీదుగా వెళ్తే కుడి గట్టు వైపు పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. ఈ మూడూ పశ్చిమగోదావరిలో ఉండేవి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక తూర్పుగోదావరిలోకి వచ్చాయి. నిర్మలగిరి మేరీమాత కొండకు వెళ్లొచ్చినవాళ్లకు గౌరీపట్నం తెలుసు. దారిలో నల్లరాయి క్వారీలూ తెలుసు. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. మడత కాజాను అడ్డంగా కోస్తే పొరలు పొరలుగా కనిపించినట్టు, క్వారీ గోడలో కొన్నిచోట్ల కింద ఒక లావా పొర, దాని మీద పలచగా సున్నపురాయి, మట్టి, ఆపైన మళ్లీ లావా కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ఆ పలచటి పొరే గుల్లల పుట్టిల్లు. దుద్దుకూరు దగ్గర అయితే కింది లావాకు కూడా అడుగున ఇంకో గుల్లల పొర ఉంది. అందులో ఎక్కువగా కనిపించేది టర్రిటెల్లా. లాటిన్‌లో బుల్లి బురుజు అని అర్థం. సన్నగా, పొడుగ్గా, స్క్రూలా మెలి తిరిగిన సముద్రపు గుల్ల. మన పిల్లాడికి దొరికింది బహుశా అదే.

ఈ గుల్లల్ని 1835లో ఉత్తర సర్కారుల్లో పర్యటించిన డాక్టర్ బెంజా చూశాడు. ఆ ప్రయాణంలోని విశేషాలు 1837లో మద్రాసులోని ఒక పత్రికలో వచ్చాయి. తరవాత వంతు వాల్టర్ ఇలియట్‌ది. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకు కమిషనర్. అమరావతి స్తూపంలో 1845లో తవ్వకాలు జరిపించింది ఈయనే. శిల్పాలు, నాణేలు, శాసనాలు, పక్షులు, గుల్లలు... ఏదీ వదల్లేదు. దొరతనపు ఫైళ్ల మధ్య ఇన్నింటికి తీరిక ఎలా దొరికిందో మరి! కాతేరు గుల్లల్నీ పోగుచేయించాడు. వాటిని పరిశీలించి పేర్లు పెట్టింది మాత్రం ఇంకొకాయన. స్టీఫెన్ హిస్లాప్.

హిస్లాప్ నాగపూర్‌లో ఉండే స్కాట్లండ్ మత ప్రచారకుడు. అక్కడి హిస్లాప్ కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. ఆదివారం చర్చి, మిగతా రోజుల్లో బడి, సందు దొరికితే సుత్తి పట్టుకుని రాళ్లు. నాగపూర్ దగ్గర మంచినీటి నత్తలు ఆయనకు కొట్టినపిండి. అలాంటాయన చేతికి రాజమండ్రి గుల్లలు వచ్చాయి. చూస్తే పోలికే లేదు! టర్రిటెల్లా, కార్డిటా, ఆల్చిప్ప, సెరీథియం... అన్నీ ఉప్పునీటివో, ఉప్పూ తీపీ కలిసే చోటివో. 1860లో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో ఆయన రాసిన వ్యాసంలో ఆ గుల్లల వివరాలన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ఒక ఆల్చిప్పకు ఆయన పెట్టిన పేరు ఆస్ట్రియా పంగడియెన్సిస్. అంటే పంగిడి ఆల్చిప్ప. ప్రపంచంలో ఏ మ్యూజియంలో ఏ శాస్త్రవేత్త దాన్ని చేతిలోకి తీసుకున్నా మన ఊరి పేరు పలకాల్సిందే. పంగిడిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ఆ వ్యాసం వచ్చిన మూడేళ్లకే, 1863 సెప్టెంబరులో, నాగపూర్ దగ్గర టాకల్‌ఘాట్‌లో పాతరాతి సమాధులు చూసి తిరిగి వస్తూ, రాత్రివేళ గుర్రం మీద పొంగిన వాగు దాటబోయి హిస్లాప్ మునిగిపోయాడు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు.

కోరంగి బురద చెప్పింది

హిస్లాప్ చేసిన పనిని ఇవాళ మనమూ చేసి చూడొచ్చు. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లోకి వెళ్లండి. ఆటుకు నీళ్లు తీశాక బురద మీద వందలకొద్దీ సన్నటి, మొనదేలిన నత్తలు పాకుతుంటాయి. సెరీథియం, దాని చుట్టపక్కాలు ఇవి. కాస్త ముందుకు, ఖాతంలోకి వెళ్తే బుడిత గుల్లలు, ఆల్చిప్పలు. గోదావరి నీళ్లు, సముద్రపు నీళ్లు కలిసే చోట బతకడం వీటికి అలవాటు. అచ్చం తీపి నీటిలోనూ, అచ్చం ఉప్పునీటిలోనూ ఇదే గుంపు ఉండదు.

కాతేరు పొరలో ఉన్నదీ ఇలాంటి గుంపే. రకాలు వేరు, కుటుంబాలు అవే. కాబట్టి కాతేరు దగ్గర ఒకప్పుడు కోరంగి లాంటి చోటు ఉండేదని తేలిపోయింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఒక్క గుల్లను బట్టి ఈ మాట చెప్పలేం. ఒక గుల్లను అల ఎక్కడి నుంచైనా తెచ్చి పడేయొచ్చు. పది రకాల గుల్లలు, పిల్లాపెద్దా అన్నీ ఒకే పొరలో కలిసి ఉంటేనే అక్కడ కాపురం ఉన్నాయని నమ్మాలి. ఎల్. రామారావు, ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు వంటి పరిశోధకులు 1930ల్లో ఈ పొరల్లోనే నాచుజాతి మొక్కల శిలాజాలను కూడా గుర్తించారు. వాటిలో సముద్రపు నాచులున్నాయి, మంచినీటి గుంటల్లో పెరిగే కారా మొక్కల గట్టి గింజల్లాంటి భాగాలూ ఉన్నాయి. ఏరు సముద్రంలో కలిసే చోటు అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

లావా పొరల మధ్య గుల్లలు కాలిపోకుండా ఎలా మిగిలాయన్న సందేహం రావచ్చు. రెండు లావాలూ ఒకేసారి రాలేదు. మొదటిది వచ్చి, చల్లారి, రాయైంది. దాని మీదికి సముద్రపు నీళ్లు చేరాయి. మట్టి పేరుకుంది, గుల్లలు బతికాయి, చచ్చాయి, తరాలకు తరాలు గడిచాయి. ఆ తరవాత రెండోది వచ్చి పైన కప్పేసింది. ఒకరకంగా ఆ రెండో లావాయే మూతలా కాపాడింది. లేకపోతే వానలకు ఎప్పుడో కొట్టుకుపోయేవి.

ఇంతకీ ఆ లావా మనదేనా? గోదావరి జిల్లాల్లో దాన్ని కక్కిన అగ్నిపర్వతం ఆనవాళ్లేమీ లేవు. మహారాష్ట్రను, చుట్టుపక్కల రాష్ట్రాలను కప్పిన దక్కన్ లావాకు ఇది తోకముక్క అని రసాయన పరీక్షల్లో తేలింది. పశ్చిమ కనుమల వైపు పుట్టి, అప్పటి నదీ లోయల వెంట జారుకుంటూ వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బంగాళాఖాతం ఒడ్డుకు చేరి ఉంటుందని 2008లో స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు రాశారు. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనా అని కూడా ప్రశ్నించారు. నాసిక్ వైపు పుట్టి ఇక్కడ సముద్రంలో కలవడం గోదావరికి ముందే లావాకు అలవాటైందన్నమాట.

తారీకు మాత్రం చెప్పలేదు

గుల్లలు ఏ నీటివో తేలింది. వయసు దగ్గరే పేచీ. కొండచిలువలా సాగిన పేచీ.

హిస్లాప్ ఆ గుల్లల్ని డైనోసార్ల తరవాతి యుగానికి చెందినవన్నాడు. తరవాతివాళ్లలో కొందరు కాదు, డైనోసార్ల కాలం నాటివేనన్నారు. ప్రఖ్యాత వృక్షశాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని 1934లో ‘దక్కన్ లావా ఏ యుగానిది?’ అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి వ్యాసం రాశారు. ఆయన మొగ్గు హిస్లాప్ వైపే. పేచీ ఎందుకు తెగలేదంటే, ఉప్పూ తీపీ కలిసేచోట బతికే గుల్లలు చాలా మొండివి. నీళ్లు చిక్కబడినా, పలచబడినా ఓర్చుకుంటాయి. లక్షల ఏళ్లు గడిచినా ఆకారం పెద్దగా మార్చుకోవు. పైగా ఈ రకాలు చాలావరకు ఇక్కడివే. మరో దేశంలో వయసు తేలిన పొరలో ఇదే గుల్ల ఉంటే పోల్చి చూడొచ్చు. ఉండకపోతే? పంగిడి ఆల్చిప్పకు పంగిడి పేరు పెట్టడం గొప్పే కానీ, ఆ పేరు వయసు చెప్పదు కదా.

జవాబు గుల్లలో లేదు. గుల్లకు అంటుకున్న మట్టిలో ఉంది.

సముద్రపు నీటిలో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు తేలుతూ ఉంటాయి. వాటికీ బుల్లి సున్నపు గుల్లలుంటాయి. ఇవి సముద్రమంతా వ్యాపిస్తాయి, తొందర తొందరగా రూపం మారుస్తాయి. ఇటలీలో దొరికిన రకం, ట్యునీషియాలో దొరికిన రకం, పంగిడిలో దొరికిన రకం ఒకటే అయితే మూడు పొరలూ ఒకే కాలానివి. గెర్టా కెల్లర్ అనే ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్, మన ఐఐటీ రూర్కీ శాస్త్రవేత్త సునీల్ బాజ్‌పాయ్, మరికొందరు కలిసి రాజమండ్రి చుట్టుపక్కల క్వారీల్లో రెండు లావాల మధ్య మట్టిని పరీక్షించారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అందులో దొరికిన ఫొరామినిఫెరా గసగసాల గింజ కన్నా చాలా చిన్నవి. డైనోసార్లు అంతరించిపోయిన మహా వినాశనం తరవాత కోలుకుంటున్న సముద్రంలో మొదటగా కనిపించే రకాలు అవి. అంటే కింది లావా ఆ వినాశనానికి అటూ ఇటుగా, ఇంచుమించు 6.6 కోట్ల ఏళ్ల క్రితం వచ్చింది. గుల్లలు బతికింది దాని తరవాత. పై లావా ఆ పైన. హిస్లాప్ మాటే నెగ్గింది, కాకపోతే 148 ఏళ్లు ఆలస్యంగా.

ఆ మహా వినాశనానికి కారణం మెక్సికో దగ్గర పడ్డ గ్రహశకలమేనని ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట. దక్కన్ లావా వాయువులదే ప్రధాన పాత్ర అన్నది కెల్లర్ వాదన. రెంటికీ వాటా ఉందనేవాళ్లూ ఉన్నారు. ఈ వాదన ఎటు తేలినా, లావా పొర పక్కనే సముద్రపు మట్టి కూడా ఉండి కాలాన్ని కచ్చితంగా లెక్కించే వీలున్న చోట్లు లోకంలో బహు తక్కువ. అందుకే ఎక్కడెక్కడివాళ్లో గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీలకు వెతుక్కుంటూ వచ్చారు. ఓఎన్‌జీసీ బావుల్లోనూ ఇవే పొరలు తగిలాయి. క్వారీలో కళ్లెదుట ఉన్న లావా, డెల్టా కింద వేల మీటర్ల లోతుకు దిగిపోయింది. చమురు శాస్త్రవేత్తలు దానికి పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసా... రాజోలు. పాలకొల్లు బావిలోంచి తీసిన రాతి తునకలు కూడా కెల్లర్ బృందం పరీక్షలకు వెళ్లాయి. కొబ్బరితోటల కింద అంత లోతున లావా ఉందని కోనసీమవాసులు కలలోనైనా అనుకుంటారా?

కంకరలో కలిసిపోతూ...

క్వారీ యజమానికి కావాల్సింది నల్లరాయి. దాన్ని క్రషర్‌లో వేస్తే కంకరవుతుంది. రోడ్లకూ, స్లాబులకూ అదే ఆధారం. తప్పు పట్టలేం. మధ్యలో ఉన్న గుల్లల పొర ఆయనకు అడ్డు. యంత్రంతో తీసి పక్కన పోస్తారు. ఒక విచిత్రం ఒప్పుకోవాలి. ఆ క్వారీలే లేకపోతే ఈ పొర ఎవరి కంటా పడేది కాదు, కెల్లర్ వచ్చినా చూడటానికేమీ ఉండేది కాదు. కోసింది కాబట్టి కనిపించింది. కోస్తూ పోతే మిగలదు. ఒక్క క్వారీ గోడనైనా, పాతిక అడుగుల వెడల్పున, పని అయిపోయిన చోటనే, అలా వదిలేయడానికి ఎవరికీ పెద్ద నష్టం ఉండదు. పక్కన ఓ బోర్డు పెడితే బడిపిల్లలు వచ్చి చూస్తారు.

ఇలాంటి చోట్లను కాపాడేందుకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ ప్రదేశాల ముసాయిదా బిల్లును జనం ముందుకు తెచ్చింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూగర్భ స్మారకాల్లో తిరుమల శిలాతోరణం ఉంది, విశాఖ ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఆ వరసలో గోదావరి గుల్లల పొరను చేర్చమని అడిగే హక్కు ఆ ఊళ్లవాళ్లకు అందరికన్నా ఎక్కువ.

పిల్లాడికో మాట

సరే, వాగు దగ్గర గుల్ల దొరికిన పిల్లాడి దగ్గరికి వద్దాం. ఇంటికి రాగానే వాడు చేసే మొదటి పని దాన్ని పంపు కింద పెట్టి బ్రష్‌తో రుద్దడం. అది మాత్రం చేయనివ్వకండి. వయసు చెప్పే సాక్షులు ఉండేది ఆ అంటుకున్న మట్టిలోనే. నూనె రాయడం, వార్నిష్ పూయడం అసలు వద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, పరిమాణం తెలుస్తుంది. మొన, నోరు, వెనక... మూడు వైపుల నుంచీ తీయండి. రెండు రెక్కల గుల్లయితే రెక్కలు కలిసే కీలు దగ్గర పళ్లలాంటివి ఉంటాయి, అది కూడా ఫొటోలో పడాలి. ఆల్చిప్ప జాతిని తేల్చేది ముఖం కాదు, ఆ కీలే.

గట్టులో ఇరుక్కుని ఉన్నదాన్ని గునపంతో పెకలించవద్దు. అది ఉన్నచోట ఉంటేనే సమాచారం. క్వారీల్లోకి పిల్లల్ని అసలు పంపొద్దు. పేలుళ్లు జరుగుతాయి, పైనుంచి రాళ్లు దొర్లుతాయి. లోతు తెలియని నీటిగుంటలు కూడా ఉంటాయి. వాగులోకి కూడా ఎండాకాలంలోనే, పెద్దవాళ్లతోనే.

ఏ రకమో తేల్చుకోవాలంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగం ఉంది. హైదరాబాద్ బండ్లగూడలో భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయం ఉంది. దగ్గర్లో జియాలజీ పాఠం చెప్పే కాలేజీ మేష్టారు ఉన్నా చాలు. అయితే వట్టి గుల్లను తీసుకెళ్తే ఆయన మొదట అడిగేది ‘ఎక్కడ దొరికింది?’ అనే. ‘వాగులో’ అంటే పెదవి విరుస్తారు.

అందుకే గుల్లను పాత పేపర్లో చుట్టి, ఈ పేపరైనా పర్లేదు, చదివేశాకే సుమా... లోపల చీటీ ఒకటి పెట్టాలి. తేదీ. ఊరు. వాగు పేరు. దగ్గరలో వంతెనో, గుడో ఉంటే దాన్నుంచి ఎన్ని అడుగులు. నీళ్లలో దొరికిందా, గట్టున దొరికిందా. గట్టయితే పైనుంచి ఎంత కింద, దానిపైన నల్లరాయి ఉందా, కిందనా. చుట్టుపక్కల ఇంకేం గుల్లలు కనిపించాయి. ఏరినవారి పేరు. పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది.